కొవ్వొత్తి పట్టిన చెయ్యి

రాత్రి బాగా పొద్దుపోయాక వెర్సాయ్ కోటలో రాజుగారి పడకగది జనంతో నిండిపోయేది. పద్నాలుగో లూయీ నిద్రకు ఉపక్రమించడం కూడా ఒక కొలువే. ప్రార్థన అయ్యాక ఆయన చుట్టూ నిలబడ్డ ముఖాలను ఒకసారి కలియజూసి, అందరికీ వినిపించేలా ఒక పేరు పలికేవాడు. ఆ పేరుగల పెద్దమనిషి చేతి తొడుగు తీసి, ముందుకు వచ్చి, రెండు కొవ్వొత్తులు వెలుగుతున్న చిన్న సెమ్మె అందుకునేవాడు. రాజు దుస్తులు మార్చుకునే కాసేపూ దాన్ని పట్టుకొని నిలబడేవాడు. అంతే. గదిలో వెలుతురుకు కొదవేమీ లేదు. అయినా ఆ సెమ్మె తన చేతికి ఎప్పుడొస్తుందా అని ఫ్రాన్సులోని మహామహా వంశాలవారు కాచుకొని ఉండేవారు. వచ్చినవారి గురించి కోటంతా చెప్పుకునేది. రానివారు తమవల్ల ఏం తప్పు జరిగిందోనని మథనపడేవారు.

వాళ్ల తాతల తీరు వేరు. వాళ్లకు సొంత కోటలు, సొంత ఫిరంగులు, తమ ఉప్పు తిని తమకోసం ప్రాణమిచ్చే మనుషులు ఉండేవారు. రాజు మాట రుచించకపోతే ఊరి తలుపులు మూసి యుద్ధానికి సిద్ధపడేవారు. రాయలసీమ పాళెగాళ్ల కథలు విన్నవారికి ఇదేమీ కొత్తగా అనిపించదు. ఫిరంగి పేల్చిన చేతులు ఒకటి రెండు తరాల్లోనే కొవ్వొత్తి పట్టుకోవడానికి ఎలా ఆరాటపడ్డాయి? రాజ్యాధికారం కేంద్రీకృతమైందని పాఠ్యపుస్తకాలు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగిపోతాయి. కాస్త ఆగి చూస్తే ఆ వాక్యం వెనకాల ఒక పసివాడు కనిపిస్తాడు.

లూయీ 1638 సెప్టెంబరు 5న పుట్టాడు. 1643 మే 14న తండ్రి చనిపోతే, అయిదో ఏడు నిండకుండానే రాజయ్యాడు. తల్లి ఆన్ పేరున పాలన, కార్డినల్ మజారిన్ చేతిలో పగ్గాలు. అప్పటికే ఏళ్ల తరబడి యుద్ధం, దాని వెంట పన్నుల మీద పన్నులు. 1648లో పారిస్ న్యాయాధిపతులు ఎదురుతిరిగారు. వాళ్ల వెనక రాకుమారులు, డ్యూకులు కత్తులు దూశారు. అయిదేళ్లు సాగిన ఆ తిరుగుబాటుకు ఫ్రోండ్ అని పేరు. ఆ మాటకు అర్థం వడిసెల. పారిస్ పిల్లలు పెద్దల కిటికీల మీదికి రాళ్లు రువ్వే వడిసెల పేరే ఒక రాజ్య సంక్షోభానికి స్థిరపడింది.

1649 జనవరిలో ఓ రాత్రి పదేళ్ల రాజును నిద్రలేపి, చడీచప్పుడు లేకుండా బండి ఎక్కించి, పారిస్ దాటించారు. సేన్ జెర్మేన్ కోట చేరితే అక్కడ మంచాలు లేవు, సామాన్లు లేవు. పరివారం గడ్డి పరుచుకొని పడుకుంది. రెండేళ్ల తర్వాత, 1651 ఫిబ్రవరి 9 రాత్రి అంతకన్నా కఠినమైనది. రాజు మళ్లీ ఊరు విడిచి పోతున్నాడని పుకారు లేచి, జనం అంతఃపురం మీదికి వచ్చారు. చేసేదిలేక రాణి తలుపులు తెరిపించింది. పారిస్ వీధుల్లోని మనుషులు వరసగా వచ్చి, మంచం దగ్గర నిలబడి, రాజు నిజంగా ఉన్నాడో లేడో చూసి వెళ్లారు. పన్నెండేళ్ల కుర్రవాడు కళ్లు మూసుకొని, నిద్ర నటిస్తూ, అడుగుల చప్పుడు వింటూ పడుకున్నాడు. ఆ కళ్ల వెనక ఏం మెదిలిందో ఊహించుకోవడానికి మనకు ఏ పత్రమూ అక్కర్లేదు.

అయినవాళ్లే ఎదురు నిలిచారన్నది మరీ లోతుగా నాటుకున్న ముల్లు. రొక్రువా యుద్ధవిజేత, రాజవంశీకుడు కోందే రాకుమారుడు ముందు రాణిపక్షాన నిలిచాడు, ఆ పైన తిరగబడ్డాడు, చివరికి శత్రువైన స్పెయిన్ కొలువులో చేరి సొంత దేశం మీద పోరాడాడు. రాజుకు పినతండ్రి కూతురైన మద్మొజెల్ 1652 జూలై 2న కోందే సేనను కాపాడటానికి బాస్టీల్ కోట ఫిరంగులను రాజసైన్యం మీదనే పేల్పించింది.

1661 మార్చి 9న మజారిన్ కన్నుమూశాడు. ఇకపై తనకు ప్రధానమంత్రి ఉండడని ఇరవైరెండేళ్ల రాజు ప్రకటించాడు. కొత్త మంత్రాంగంలో తల్లికి చోటు లేదు, తమ్ముడికి లేదు, ఏ రాకుమారుడికీ లేదు. కొద్దినెలల్లోనే ఆర్థికాధికారి ఫూకే ఖైదయ్యాడు. ఆగస్టు 17న తన కొత్త భవనంలో రాజుకు అతను ఇచ్చిన విందు వైభవం చూసి దేశం నోరు వెళ్లబెట్టింది. సెప్టెంబరు 5న, సరిగ్గా రాజు పుట్టినరోజున, నాంత్ నగరంలో అతణ్ని పట్టుకున్నారు. మిగతా బతుకంతా అతనికి చెరసాలలోనే గడిచింది. ఆ భవనం కట్టిన లెవో, బొమ్మలు వేసిన లెబ్రాన్, తోట వేసిన లెనోత్ర్ ముగ్గురూ తరువాత రాజుకోసం వెర్సాయ్‌లో పనిచేశారు. ఫూకే స్థానంలో పైకొచ్చిన కోల్బేర్ రేమ్స్ పట్టణంలో గుడ్డల వ్యాపారం చేసిన కుటుంబంవాడు. ఈ ఎంపికలో ఉద్దేశం స్పష్టం. తన చలవతో ఎదిగినవాడు తనకు ఎదురు నిలబడలేడు. పుట్టుకతో పెద్దవాడైనవాడికి మంత్రిపదవి కూడా ఇస్తే, రేపు దాన్ని ఫిరంగిలా వాడుకోవచ్చు.

వెర్సాయ్ మొదట లూయీ తండ్రి వేట కోసం కట్టుకున్న చిన్న బస. చుట్టూ చిత్తడి నేల. దాన్ని పెంచుకుంటూ పోయి, 1682 మే 6న కొలువును, ప్రభుత్వాన్ని అక్కడికే మార్చాడు. 357 అద్దాలు తాపిన డెబ్భై మూడు మీటర్ల మహాశాల గురించి, ఫౌంటెన్ల గురించి అందరూ చెబుతారు. వాటికంటే అక్కడి దినచర్య ఎక్కువ ఆలోచింపజేస్తుంది. మన గుడుల్లో దేవుడికి సుప్రభాతం నుంచి పవళింపు దాకా సేవలు ఎలా ఉంటాయో, అక్కడ రాజుకు అలా ఉండేవి. పొద్దున నిద్రలేవడానికి ఒక క్రమం. ముందు ఎవరు లోపలికి రావాలి, తరువాత ఎవరు, ఆఖరున ఎవరు అన్నదంతా నిర్ణయమై ఉండేది. చొక్కా అందించే గౌరవం అక్కడున్నవారిలో అందరికంటే పెద్ద హోదా గలవారిది. ఒక చేతికి ఒకరు, రెండో చేతికి ఇంకొకరు. రాణి ఎదుట ముక్కాలిపీట మీద కూర్చునే హక్కు డచెస్‌లకు ఉండేది. మిగతావారు గంటల తరబడి నిలబడాల్సిందే. ఎర్ర అస్తరు వేసి, జరీ అల్లిన నీలి కోటు ఒకటి ఉండేది. అది వేసుకోవాలంటే రాజు సంతకం చేసిన అనుమతిపత్రం కావాలి. ఆ పత్రాల సంఖ్యకు పరిమితి ఉండేది కాబట్టి, ఒకరు చనిపోతేనే మరొకరికి ఆశ పుట్టేది.

దగ్గర్లోని మార్లీ భవనానికి రాజు కొద్దిమందినే వెంట తీసుకెళ్లేవాడు. ఆయన నడిచి వెళుతుంటే పెద్దపెద్ద ప్రభువులు వినపడీ వినపడనట్టు ఆ ఊరి పేరు పలికి, ఆశగా చూసేవారట. కొలువుకు రాకుండా సొంత ఊళ్లో ఉండిపోయిన ప్రభువుకు ఏదైనా పదవి ఇమ్మని ఎవరైనా సిఫారసు చేస్తే, ఆ మనిషి తనకు ఎప్పుడూ కనబడడని రాజు అనేవాడట. ఇక ఆ సిఫారసు కథ కంచికి వెళ్లినట్టే. అందుకే సొంత కోటల్లో వందల గదులున్నవారు వెర్సాయ్ పైకప్పు కింద పొగచూరిన ఇరుకు గదుల్లో కాపురం పెట్టారు. దుస్తులకు, బండ్లకు, జూదానికి అప్పులు చేశారు. అప్పులు తీరాలంటే రాజు ఇచ్చే భృతి కావాలి, భృతి కావాలంటే రాజు కంటపడాలి. జర్మన్ సామాజికవేత్త నార్బర్ట్ ఎలియాస్ ఈ కొలువును ఒక సమాజంగా చదివి, 1969లో ఒక గొప్ప గ్రంథంగా వెలువరించాడు. మర్యాదల వెనక అధికారం ఎలా పనిచేస్తుందో ఆయన చూపించిన తీరు ఇప్పటికీ కళ్లు తెరిపిస్తుంది.

అయితే దేశమంతా వెర్సాయ్‌లో లేదు. ఫ్రాన్సు ప్రభువుల్లో అత్యధికులు రాజును జీవితంలో ఒక్కసారైనా చూడనివారే. వాళ్ల దాకా అధికారం ఎలా చేరింది? లూయీ తండ్రికి మంత్రిగా ఉన్న రిషెల్యూ కాలంలోనే దారి పడింది. సరిహద్దుల్లో లేని దుర్గాలను కూలగొట్టాలని 1626లోనే ఆజ్ఞ వెలువడింది. ద్వంద్వయుద్ధాలను నిషేధించారు. లెక్కచేయకుండా పారిస్ నడిబొడ్డున కత్తి దూసిన మొంమొరాన్సీ బూత్‌విల్‌కు మరుసటి ఏడే తల తీశారు. ఇక జిల్లాల్లో ఇంటెండెంట్లు. మన కలెక్టర్లలాగా కేంద్రం పంపితే వెళ్లి, పిలిస్తే తిరిగొచ్చే అధికారులు వాళ్లు. పన్ను, న్యాయం, శాంతిభద్రతల మీద వాళ్ల కన్ను ఉండేది. 1648లో తిరుగుబాటుదారులు పట్టుబట్టి వాళ్లను తీసేయించారు. తుఫాను వెలిశాక మజారిన్ మళ్లీ పంపాడు, కోల్బేర్ స్థిరపరిచాడు. ఇంత పెద్ద దేశానికి వాళ్లు దాదాపు ముప్ఫై మంది. తరతరాలుగా రాష్ట్రాన్ని ఏలిన గవర్నరుకు బిరుదు, ఊరేగింపు మిగిలాయి. దస్త్రం ఇంటెండెంటు బల్ల మీదికి చేరింది.

1665 శరత్తులో ఒవెర్న్ కొండప్రాంతానికి రాజు ప్రత్యేక న్యాయస్థానాన్ని పంపించాడు. అక్కడి చిన్న ప్రభువులు రైతులను కొట్టి, దోచి, అడిగే నాథుడు లేక దశాబ్దాలుగా విర్రవీగినవారు. క్లెర్మోన్ పట్టణానికి పన్నెండు వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయి. తన వంశానికి ఎవరూ హాని చేయలేరనుకున్న విస్కౌంట్ కానిలాక్‌కు అక్టోబరులో మరణశిక్ష అమలయింది. ఆ న్యాయస్థానం వెంట వెళ్లిన యువ మతగురువు ఫ్లేషియే చూసింది చూసినట్టు రాసిపెట్టాడు. ఒక జమీందారిణి మొర ఆయన రాతల్లో ఉంది: తన రైతులందరూ చేతి తొడుగులు కొనుక్కున్నారట, ఇక పనిచేయక్కర్లేదని వాళ్ల నమ్మకమట. ఈ ఒక్క సంగతి దగ్గర మనసు చాలాసేపు ఆగిపోతుంది. ఎక్కడో ఉన్న రాజు తమవైపు చూశాడన్న నమ్మకంతో మట్టిచేతుల మనుషులు మొట్టమొదట కొనుక్కున్నవి తొడుగులు. దొర చేతికి ఉన్నది తమ చేతికీ ఉండవచ్చని వాళ్లకు తోచింది.

ఆ నమ్మకానికి దక్కింది కొద్దే. న్యాయస్థానం వందల మరణశిక్షలు వేస్తే, నిజంగా అమలైనవి పాతికలోపే. దోషుల్లో చాలామంది ముందే పారిపోయారు. వాళ్ల బొమ్మలకు శిక్షలు వేశారు. 1666 జనవరిలో న్యాయమూర్తులు పారిస్‌కు తిరిగి వెళ్లారు. రైతుల చేతులు మళ్లీ మట్టిలోకే వెళ్లాయి.

రాజు ప్రభువులను లొంగదీశాడని మనం చదువుకున్నాం. కానీ అమెరికా చరిత్రకారుడు విలియం బైక్ 1985లో దక్షిణ ఫ్రాన్సులోని లాంగ్‌డాక్ పన్ను లెక్కలను తవ్వి తీశాడు. రైతు దగ్గర వసూలైన డబ్బులో గణనీయమైన వాటా రాజు ఖజానాకు చేరకుండా, అక్కడి ప్రభువులు, బిషప్పులు, అధికారుల చేతుల్లోనే ఆగిపోయింది. అదీ రాజు అనుమతితోనే. అంటే జరిగినది ఒక ఒప్పందం. మీరు కత్తి దించండి, మీ ఆదాయం, మీ హోదా, పన్ను మినహాయింపు నేను కాపాడతాను అని రాజు అన్నాడు. తాయ్ అనే ప్రధానమైన పన్ను ఫ్రాన్సులో చాలాచోట్ల ప్రభువులకు లేదు. అది రైతు మోసిన బరువు. 1675లో బ్రిటనీ ప్రజలు కొత్త పన్నుల మీద తిరగబడితే సైన్యం వెళ్లి అణచింది. 1693, 94 సంవత్సరాల కరవులో పదిలక్షలమందికి పైగా చనిపోయారు. ప్రభువులతో సహా అందరూ కట్టాల్సిన తలపన్ను 1695లోగాని రాలేదు. దేశాన్నంతా ఇరవై రెండు తరగతులుగా విడగొట్టి, మొదటి తరగతిలో యువరాజును చేర్చారు. అప్పటికి ఆలస్యమైంది. పలుకుబడి గలవారు తప్పించుకునే దారులు కూడా పడ్డాయి.

ఇది ఫ్రాన్సుకే పరిమితం కాదు. బెర్లిన్‌లో బ్రాండెన్‌బర్గ్ పాలకుడు 1653లో ప్రభువుల సభ దగ్గర ఆరేళ్లకు 5,30,000 థేలర్లు సైన్యం కోసం సంపాదించాడు. బదులుగా, తమ భూముల మీద రైతులను కట్టిపడేసే అధికారాన్ని ఆ ప్రభువులకు ఖాయం చేశాడు. ఇంగ్లండులో ఏడో హెన్రీ జరిమానాను ఆయుధంగా చేసుకున్నాడు. 471 మంది సొంత మనుషులను పోషించిన నేరానికి బర్గవెన్నీ ప్రభువు మీద 1507లో డెబ్భై వేల పౌండ్లకు పైగా జరిమానా పడింది. అది ఎవరూ కట్టగలిగిన మొత్తం కాదు, కట్టించుకోవాలని వేసిందీ కాదు. మెడ మీద కత్తిలా వేలాడదీయడానికి వేసినది. పోలండులో ఇవేవీ జరగలేదు. అక్కడ ప్రభువులు రాజును ఎదగనివ్వలేదు. 1652 నుంచి ఒక్క సభ్యుడు కాదన్నా సభ ఆగిపోయే స్థితి వచ్చి, తరువాతి శతాబ్దంలో ఇరుగుపొరుగు రాజ్యాలు ఆ దేశాన్నే పంచుకున్నాయి. కాబట్టి రాజు బలపడటమే చెడు అనడానికి వీల్లేదు. రాజు ప్రభువులకు ఏ మాట ఇచ్చి బలపడ్డాడు, ఆ మాటకు వెల ఎవరు కట్టారు అని అడగడం న్యాయం.

ఈ కథకు మన కృష్ణాతీరంతో ఒక సన్నని బంధం ఉంది. తూర్పు దేశాలు తిరిగి 1668లో ఇల్లు చేరిన వర్తకుడు తావెర్నియే రాజుకు అమ్మిన రత్నాల్లో ఒక పెద్ద నీలివజ్రం ఉంది. సుమారు 115 క్యారెట్ల ఆ రాయి గోల్కొండ రాజ్యంలోని కొల్లూరు గనిలో దొరికిందని చరిత్రకారుల భావన. ఆ గని ఉన్న చోటు ఇప్పుడు పల్నాడు జిల్లాలో, పులిచింతల నీటి కింద ఉంది. లూయీ దాన్ని సానపట్టించి కంఠాన ధరించాడు. దానినుంచే తయారైన హోప్ వజ్రం ఇప్పుడు వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది. 1669లో రాజు తావెర్నియేకు ప్రభువు హోదా ఇచ్చాడు. వంశం, రక్తం, తాతల శౌర్యం అని శతాబ్దాలుగా చెప్పుకున్న దాన్ని రాజు ఒక కాగితంతో ఎవరికైనా ఇవ్వగలడు. ఆ రోజుల్లోనే దేశంలోని ప్రభువులందరూ తమ వంశానికి ఆధారాలు చూపాలని కోల్బేర్ విచారణ జరిపిస్తున్నాడు. పత్రం లేనివారికి హోదా పోయి, పన్ను పడింది. ఇక మన కొల్లూరు కూలీలు తీసిన ఆ రాయి ఎవరి గొంతు దగ్గర మెరిసిందో వాళ్లకు తెలిసే అవకాశమే లేదు.

లూయీ మీద ఎంత కోపం తెచ్చుకున్నా, చివరికి కొంచెం జాలి కలుగుతుంది. అందరినీ తన చూపుకు కట్టేసినవాడు తానూ అందరి చూపులకు కట్టుబడ్డాడు. ఎంత దూరాన ఉన్నవారైనా గడియారం చూసి ఈ వేళకు రాజు ఏం చేస్తున్నాడో చెప్పగలిగేవారట. తినడం, ప్రార్థించడం, జబ్బుపడటం అన్నీ మనుషుల మధ్యే. 1686 నవంబరులో, మత్తుమందు లేని రోజుల్లో, బాధాకరమైన శస్త్రచికిత్స చేయించుకొని ఆ రోజే మంత్రులతో కూర్చున్నాడు. 1711, 12లలో కొడుకు, ముద్దుల మనవరాలిలా చూసుకున్న మనవడి భార్య, మనవడు, పెద్ద మునిమనవడు వరసగా పోయారు. ఆ దుఃఖంలోనూ పొద్దున తలుపులు తెరుచుకున్నాయి, చొక్కా అందించే చేతులు సిద్ధంగా ఉన్నాయి. మంచం చుట్టూ అపరిచితులు నిలబడితే కళ్లు మూసుకున్న పిల్లవాడు, జీవితమంతా తన మంచం చుట్టూ తానే మనుషులను నిలబెట్టుకున్నాడు. ఈసారి వాళ్లను పిలిచేదీ, పంపేదీ తానే. 1715 సెప్టెంబరు 1న, కాలు కుళ్లి, డెబ్భై ఏడు నిండటానికి నాలుగు రోజుల ముందు ఆ గదిలోనే వెళ్లిపోయాడు.

కొవ్వొత్తి సంగతి మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం సేన్ సిమోన్ డ్యూకు. వంశగౌరవమే ఊపిరిగా బతికిన మనిషి. గుడ్డల వర్తకుల పిల్లలు మంత్రులై డ్యూకుల నెత్తిన కూర్చున్నారని కుమిలిపోయినవాడు. 1702లో తనకంటే వెనకవారికి సైన్యంలో పైహోదా ఇచ్చి తనను వదిలేశారని ఉద్యోగం మానేశాడు. రాజుకు కోపం వచ్చింది. ఆ తరువాత మూడేళ్లపాటు ముఖం ఇచ్చి మాట్లాడలేదు. కానీ రాజీనామా చేరిన రోజు రాత్రే, పడకగదిలో అందరి ముఖాలూ కలియజూసి, సేన్ సిమోన్ పేరు పలికాడు.

దాదాపు నలభై ఏళ్ల తరువాత, రాజూ పోయి, కొలువులోని చాలామంది పోయి, వృద్ధుడైన డ్యూకు ఆ పాలన తప్పులన్నీ వేల పుటల్లో రాసుకుంటూ కూర్చున్నాడు. 1755లో ఆయన చనిపోయాక ప్రభుత్వం ఆ కాగితాలను తీసుకెళ్లి విదేశాంగ శాఖ దస్త్రాల్లో పెట్టింది. అవి పూర్తిగా అచ్చయి పాఠకుల చేతికి రావడానికి 1829 దాకా పట్టింది. ఆ పుటల్లో కోపం ఎంతైనా ఉంది. ఆ రాత్రి సంగతీ ఉంది. పేరు పలకగానే తొడుగు తీయడం, ముందుకు నడవడం, సెమ్మెలో రెండు వత్తులు ఉండటం ఏదీ మరచిపోకుండా, ఎంతో శ్రద్ధగా రాసుకున్నాడు.